ఈసారి రేటు పెరిగింది, డిజైన్ తగ్గింది

మా పూల బొమ్మలు కొనేవాళ్లకు రెండు సంగతులు చెప్పాలి. వచ్చే నెల నుంచి 12 బై 16 అంగుళాల బొమ్మ 1,800 కాదు, 2,300 రూపాయలు. ఇక రెండోది. "ఈమధ్య మీ బొమ్మల్లో డిజైన్ తగ్గిపోయిందేం?" అని అడుగుతున్నారు. తగ్గిన మాట నిజమే, కావాలనే తగ్గించాం.

కొత్తవాళ్ల కోసం: కాన్వాస్ మీద కలంకారీ గుడ్డ ముక్కలు అతికించి, వాటిపైన అక్రిలిక్ రంగులతో మందారమో తామరో చామంతో వేయడం మా పని. గుడ్డలోని తీగలు, చుక్కల వరసలు, మేం కలిపే మెలికల ముగ్గు వెనక, పువ్వు ముందు. చిక్కంతా అక్కడే. కలంకారీ గీత నల్లగా, పదునుగా ఉంటుంది. చుట్టూ అదే పరిస్తే పువ్వును వెతుక్కోవాల్సి వస్తుంది. ఎర్ర మందారమైతే మరీను, గుడ్డలోని ఎరుపు దాన్ని మింగేస్తుంది. అందుకే ఇప్పుడు డిజైన్‌ను ఒక మూలకో, అడుగు అంచుకో ఉంచి, పువ్వు దగ్గరికి వచ్చేసరికి పల్చటి తెలుపు పూసి వెనక్కి నెడుతున్నాం. రేకుల కింద చిక్కటి తెలుపు వేస్తాం, లేకపోతే గీతలు పైకి తేలి రేకు మురికిగా కనిపిస్తుంది. ఆకులకు మాత్రం ఆ తెలుపు వేయం. కింది నల్ల గీత పచ్చరంగులోంచి ఈనెలా బయటపడుతుంది. మొత్తం బొమ్మలో నాకు ఇష్టమైన చోటు అదే. "నిండుగా ఉంటేనే బాగుంటుందక్కా" అనేవాళ్లకు అలాగే చేసిస్తాం. మా షాపు గోడకు మాత్రం తగిలించను!

ఇక రేటు. ఈ బొమ్మల్లో వాడే శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ కలంతో గీసేది. కరక్కాయ, పాలు కలిపి గుడ్డ నానబెట్టాలి. పాలలో కొవ్వు లేకపోతే గీత పాకిపోతుంది. బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టిన కసింతో నలుపు, పటిక రాసి రంగు వేర్లతో ఉడకబెడితే ఎరుపు, మధ్యమధ్య ఉతుకులు. ఇంత పని పట్టిన గుడ్డ ముక్కలుగా కొన్నా చవగ్గా రాదు, నేను బేరమాడను కూడా. 900 రూపాయల బొమ్మల్లో స్క్రీన్ ప్రింట్ గుడ్డే వాడతాం. వెనక 'ప్రింటు' అని రాసి ఉంటుంది. చెక్క అచ్చులతో అద్దే పెడన గుడ్డయితే అదీ రాస్తాం.

"స్వామివారి పూలు ఎండబెట్టి అతికిస్తారా?" అని యాత్రికులు అడుగుతుంటారు. లేదండీ. ఎండిన పూలతో దేవుళ్ల పటాలు చేయించేది టీటీడీ. 2021 నుంచి వాడిన పూలతో అగరబత్తీలు కూడా అక్కడే.

ఇప్పటికే కొన్నవాళ్లకు ఒక మాట. కరక్కాయ పట్టిన గుడ్డకు తడి, ఇనుము రెండూ తగిలితే నల్ల మచ్చ పడుతుంది. కసిం గీత నల్లబడేదీ అలాగే. అందుకే మేం ఇత్తడి పిన్నులు కొడతాం. ఫ్రేమ్ మార్పిస్తే అక్కడా ఈ సంగతి చెప్పండి. నేరుగా ఎండ పడే గోడకు వద్దు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనవైపు వానలు, జిగురు తొందరగా ఆరదు. అడుగున జిగురు ఆరకముందే ఫ్రేమ్ కడితే గుడ్డ ఉబ్బుతుంది. సంక్రాంతికి కావాల్సినవాళ్లు దసరాలోపే చెప్పండి, సగం అడ్వాన్సు. ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లకు పాత రేటే.