డిప్యూటీ కుర్చీకి జాబ్‌చార్ట్ ఏదీ?

సంపాదకుల వారికి,

2025 జనవరి 18న మైదుకూరులో జరిగింది స్వచ్ఛాంధ్ర కార్యక్రమం. ముఖ్యమంత్రి గారే వచ్చినారు కదా, చెత్త గురించి, కాలువల గురించి నాలుగు మాటలు తెలుస్తాయని మరుసటి రోజు పేపరు తెరిస్తే, లోకేశ్ గారికి ఉప ముఖ్యమంత్రి పదవి ఇవ్వాలని పార్టీ పెద్ద ఒకరు సభలోనే అడిగిన వార్త కనిపించింది. ఇక చూస్కోండి! ఒకరు ఔనంటే, ఇంకొకరు అట్లయితే ఇప్పుడు ఉప ముఖ్యమంత్రిగా ఉన్న మా పవన్ కల్యాణ్‌ను ముఖ్యమంత్రిని చేయండని ఎదురు పాట. ఎవరూ దీని మీద మాట్లాడొద్దని చివరికి పార్టీ ఆఫీసే చెప్పాల్సి వచ్చింది. మీ పత్రిక కూడా తక్కువేం తినలేదు. కుర్చీ గొడవ మొదటి పేజీలో, చెత్త సంగతి జిల్లా పేజీలో అడుగున.

ఇంత రాద్ధాంతం చేసినవాళ్లలో ఒక్కరైనా, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు చేసే పని ఏమిటని అడిగినారా? నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ని. డిప్యూటీ తహసీల్దారు ఏ ఫైళ్లు చూడాలి, తహసీల్దారు సెలవు పెడితే ఇన్‌చార్జి ఉత్తర్వు ఎవరివ్వాలి, అన్నిటికీ మా దగ్గర కాగితం ఉంటుంది. శాసనసభలో ఉప సభాపతికి రాజ్యాంగం 178వ అధికరణంలో చోటుంది. ఉప ముఖ్యమంత్రి కోసం, మంత్రుల గురించి చెప్పే 163, 164 అధికరణాలు ఎన్నిసార్లు తిరగేసినా ఆ పేరే కనపడదు. ఆయన కూడా తక్కిన మంత్రుల్లో ఒక మంత్రే. 1989లో దేవీలాల్ ఉప ప్రధాని అని చదివి ప్రమాణం చేస్తే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది, ఆయనా మంత్రేనని తేలింది. 2024 ఫిబ్రవరిలో ఉప ముఖ్యమంత్రుల మీద వేసిన పిటిషన్‌నూ కోర్టు కొట్టేసింది. అది పేరే తప్ప దానివల్ల అదనపు అధికారం ఏదీ రాదు కాబట్టి తప్పు లేదంది. తప్పు లేదన్నది మాత్రం అందరికీ వినపడింది, అధికారం లేదన్నది ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇంకో తమాషా. మంత్రుల సంఖ్యకు 15 శాతం పరిమితి ఉంది, 175 మంది ఉన్న మన సభలో 26 దాటకూడదు. ఉప ముఖ్యమంత్రులకు అట్లాంటి లెక్క లేదు. ముఖ్యమంత్రి తప్ప తక్కిన పాతిక మందినీ ఉప ముఖ్యమంత్రులంటే కాదనే చట్టం లేదు. 2019లో ఒకేసారి ఐదుగురిని చూసినాం కదా! ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, కాపు, వర్గానికొకరు. అప్పటి మా కడప ఎమ్మెల్యే అంజాద్ బాషా గారు అందులో ఒకరు. 2022లో మంత్రివర్గం మారినా ఆయన పదవి నిలిచింది. ఐదేళ్లూ ఊరికి ఉప ముఖ్యమంత్రి ఉన్నాడని చెప్పుకున్నాం. ఆయన చేసిన పని మైనారిటీ సంక్షేమ మంత్రిగా చేసినది. 'ఉప' అన్నదానికి వేరే ఫైలు ఏముందో, రెవెన్యూలో అన్నేళ్లు చేసిన నాకే అంతుబట్టలేదు.

మన రాష్ట్రంలో ఈ పదవి పుట్టింది కూడా మన సీమలోనే. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ప్రకాశం గారి దగ్గర ఉప ముఖ్యమంత్రి మా పక్క అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి గారే. 1956లో తాను ముఖ్యమంత్రి అయ్యాక, పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం తెలంగాణకు ఇవ్వాల్సిన అదే పదవిని ఆరో వేలు అని పక్కన పెట్టినారు. తాను కూర్చున్నప్పుడు పనికొచ్చిన వేలు, ఇంకొకరికి ఇవ్వాల్సి వచ్చేసరికి ఆరోది అయింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా దీని కథ ఇంతే. ఎవరినో బుజ్జగించాలి, ఏదో లెక్క సరిపోవాలి. మహారాష్ట్రలో అయితే నిన్నటి ముఖ్యమంత్రి ఇవాళ డిప్యూటీ, నిన్నటి డిప్యూటీ ఇవాళ ముఖ్యమంత్రి.

పవన్ కల్యాణ్ గారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. 2024 ఆగస్టులో ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టించినారు, మంచి పనే. డిసెంబరులో గాలివీడు ఎంపీడీవో మీద దాడి జరిగితే మరుసటి రోజే కడప రిమ్స్‌కు వచ్చి పలకరించినారు. పంచాయతీరాజ్ మంత్రిగా తన శాఖ ఉద్యోగి వెంట నిలబడ్డారు. దానికి 'ఉప' అక్కర్లేదు, ఆ శాఖ చాలు. అదే నేను చెప్పేది. లోకేశ్ గారి చేతిలో విద్యాశాఖ ఉంది. సర్కారు బడులు బాగు చేస్తే ఏ పేరుతో పిలిచినా జనం గుర్తుపెట్టుకుంటారు.

పేరు పెరిగితే పెరిగేది ఫ్లెక్సీ సైజే. ఏడురోడ్ల కూడలిలో నిలబడి చూడండి, నాయకుడి మొహం కన్నా 'వర్యులు' అన్న అక్షరాలు పెద్దవి. పెద్ద పేరున్న మనిషి వస్తే అధికారులంతా ప్రోటోకాల్ డ్యూటీ, ఆఫీసులో అడిగితే సార్ క్యాంపులో ఉన్నారంటారు. నా కాలంలోనూ ఇది ఉండేది, ఇంత మాత్రం కాదు. మా వీధి కాలువలో పూడిక తీసి గట్టున పోసి పోయినారు. ఎత్తుకుపోవాల్సిన ట్రాక్టరు రాలేదు. ఎండిన మన్ను, ప్లాస్టిక్ కవర్లు ఒక్కొక్కటే మళ్లీ కాలువలోకే జారుతున్నాయి. అడిగితే ట్రాక్టర్లు ప్రోగ్రాం డ్యూటీలో ఉన్నాయన్నారు. ఏ ప్రోగ్రామో? స్వచ్ఛాంధ్రేనంట!

మా జిల్లా ఉక్కు ఫ్యాక్టరీ సంగతి ఎత్తకూడదనుకున్నాను గానీ ఆగడం లేదు. 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన. మధ్యలో ముఖ్యమంత్రులు మారినారు, ఉప ముఖ్యమంత్రులూ మారినారు. జమ్మలమడుగు దిక్కు పోయి చూస్తే శిలాఫలకాలు తప్ప ఉక్కు ముక్క కనపడదు. దీని కోసం మైదుకూరు సభలో ఎవరైనా మైకు పట్టుకున్నారా?

అదే జనవరిలో ముఖ్యమంత్రి గారు, లోకేశ్ గారు దావోస్ పోయినారు. అట్లాంటప్పుడు ఇక్కడి వ్యవహారం ఉప ముఖ్యమంత్రికే వస్తుందని జనం అనుకుంటారు. ఆ పేరు ఉన్నంత మాత్రాన దానంతటది రాదు. కాబట్టి ఒకరుంటారా, ఇద్దరుంటారా అన్న పంచాయితీకి ముందు, ప్రభుత్వం ఒక జీవో ఇవ్వాలి. ముఖ్యమంత్రి ఊళ్లో లేనప్పుడు ఏ ఫైళ్లు ఉప ముఖ్యమంత్రి చూస్తారు, కలెక్టర్లు దేనికి ఆయనకు జవాబు చెప్పాలి, ఇవి రాయాలి. రాయడానికి ఏమీ లేదంటే ఆ సంగతైనా రాతలో ఇవ్వమనండి. ఆ జీవో వచ్చిన రోజు మాత్రం మొదటి పేజీలోనే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
కడప