కొత్త మెషిన్ కంటే ముందు సెట్టింగుల లెక్క చూడండి

సంపాదకులకు,

బాలానగర్, జీడిమెట్లలోని చిన్న మెషినింగ్ షాపుల్లో డెలివరీ తప్పగానే ‘ఇంకో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) కొనాలి’ అంటారు. చాలాచోట్ల కొరత మెషిన్‌ది కాదు, జాబ్‌ల వరుసది. ఫిక్చర్ (పీసును బిగించి పట్టే అమరిక), టూల్స్ మార్చి మొదటి పీసు పాస్ చేయించడానికి, అంటే ఒక్కో సెట్టింగుకు, గంటన్నర, ఆపై పీసుకు 4 నిమిషాలు అనుకోండి. 30 పీసుల జాబ్‌కు మూడున్నర గంటలు. అదే జాబ్‌ను, ఫోన్ వచ్చినప్పుడల్లా పదేసి చొప్పున మూడుసార్లు ఎక్కిస్తే ఆరున్నర గంటలు! పీసులు మాత్రం ఆ ముప్పయ్యే.

కాబట్టి ఒకే ఫిక్చర్ మీద నడిచే జాబ్‌లను పక్కపక్కన పెట్టాలి. రాబోయే రెండు రోజుల వరుసను ఎవరు అడిగినా కదపకూడదు. అర్జెంటు పనులకు రోజూ సగం షిఫ్టు ఖాళీగా ఉంచాలి. ఓనర్లకు ఇది మింగుడుపడదు.

అసలు తేదీ తప్పేది బయట చేయించే పనుల దగ్గర. ఫర్నేస్ నిండేదాకా హీట్ ట్రీట్‌మెంట్ (పీసులను వేడిచేసి గట్టిపరిచే పని) వాళ్లు లోడ్ పెట్టరు. హార్డెనింగ్‌కు 3 రోజులు, గ్రైండింగ్‌కు ఒకటి, తనిఖీ, ప్యాకింగ్‌కు ఒకటి. శనివారం సాయంత్రం బండి ఎక్కాల్సిన సరుకు సోమవారం రాత్రికే మెషిన్ దిగాలి. కొనే పెద్ద కంపెనీలు కూడా వారం షెడ్యూల్‌ను బుధవారం ఫోన్లో మార్చడం మానాలి.

– కొందరు ప్రొడక్షన్ సూపర్‌వైజర్లు, హైదరాబాద్