మూత లోపలి పెన్సిలు రాతలు చెరపకు

చిరంజీవి వాసుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. నువ్వు ఫోన్ ఎత్తక ఇవాళ్టికి 19 రోజులు. పనిలో ఉంటావు, నాకు తెలియదా. అందుకే ఉత్తరం రాస్తున్నా, తీరిగ్గా చదువుకో. విశేషం ఏమీ లేదు. మొన్న పద్మ మాటల మధ్యలో అంది, నువ్వు వీడియోలో రాత్రిపూట నల్లకళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నావట. దాని మాటలకేంలే, ఉన్నదానికి రెండు కలుపుతుంది.

నాన్న సీడీ ప్లేయర్ విప్పావని చెప్పింది కూడా అదే. విప్పినందుకు నాకు కోపం లేదు. అలా మూల పడి ఉండేకంటే నీ చేతిలో ఉండటమే నయం. లోపల ఉన్నది టీడీఏ 1541ఏ, డిస్కు మీది అంకెల్ని పాటగా మార్చే చిప్పు, దానికోసం జనం ఇప్పటికీ పాత పెట్టెలు వెతికి కొంటున్నారు. కానీ బాగుచెయ్యడం వేరు, మెరుగుపెట్టడం వేరు. మొదటిది కాకుండా రెండోదాని జోలికి పోకు. ముందు చిన్న డబ్బాల్లా ఉండే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు చూడు. ఇన్నేళ్ళలో లోపలి తడి ఆరిపోయి ఉంటుంది. పైన ఉబ్బలేదు కదా అని వదిలెయ్యకు, ఉబ్బకుండా కూడా ఎండుతాయి. కొత్తదానికి మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు పాతదానికి తగ్గకూడదు, 105 డిగ్రీల రకం తీసుకో. చార ఉన్న వైపు నెగటివ్. ఇది నీకు చెప్పాలా అంటావు, నాన్నకి కూడా చెప్పాల్సి వచ్చేది.

ఒకటి మార్చు, పాట పెట్టి విను, తర్వాత ఇంకోటి. అన్నీ ఒకేసారి పీకి, చివర్లో శబ్దం రాకపోతే తప్పు ఎక్కడని వెతుకుతావు? సోల్డరింగ్ ఐరన్ ఒకేచోట ఆనించి పెడితే రాగి గీత బోర్డు మీంచి లేచి వచ్చేస్తుంది. పొగ మొహానికి తగలనివ్వకు, కిటికీ తీసిపెట్టుకో. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో, సోల్డర్‌లో ఉండేది సీసం. కండెన్సర్ కాళ్ళు కత్తిరించేటప్పుడు రెండో చేత్తో పట్టుకుని కత్తిరించు, ఎగిరిందంటే తిన్నగా కంట్లోకే వస్తుంది. అలాంటిదేమైనా జరిగిందా? ఊరికే అడుగుతున్నా.

నాన్న ఆపాంప్, అదే శబ్దాన్ని బయటికి పంపే ఆంప్లిఫయర్ చిప్పు, మార్చిన సంగతి నీకు గుర్తుండదు, నీకప్పుడు మూడో ఏడు. అవుట్‌పుట్‌లో ఉన్న ఎన్‌ఈ 5532 పీకేసి, కాళ్ళ వరుస సరిపోతుంది కదా అని వేగం ఎక్కువున్న కొత్తది పెట్టారు. అప్పటికే నేను పోరి, అతకకుండా చిప్పుని గుచ్చి తీసే ఐసీ బేస్ వేయించాను, అది వేరే కథ. ఇక మూడు రాత్రులు ఇంట్లో నిద్ర లేదు. పక్కవాళ్ళని పిలిచారు, మామయ్యని పిలిచారు. నిన్ను ఒళ్ళో పెట్టుకుని "విన్నావురా, ఆ తాళాల మెరుపు విన్నావురా" అనేవారు. నిజంగానే పైస్థాయిలో ఏదో తళుకు ఉంది, నాకూ వినపడింది. నాలుగో రోజు ఆయన లేనప్పుడు మూత తీసి వేలు ఆనించాను. చిప్పు చురుక్కుమంది. నేను సర్క్యూట్ల బెంచీ మీద పనిచేసిన రోజుల్లో ఇలాంటివి ఎన్ని చూశానని! వేగమైన చిప్పుని పాత సర్క్యూట్‌లో పెడితే, కరెంటు అందే సప్లై కాళ్ళ దగ్గర కండెన్సర్ లేకపోతే, మనకి వినపడనంత పైన అది తనలో తనే గీపెడుతూ ఉంటుంది. బోర్డు అడుగున, ఆ కాళ్ళకి ఆనుకుని, 100 నానోఫారడ్ సిరామిక్ కండెన్సర్లు అతికేశాను. పది నిమిషాల్లో చల్లబడింది. ఆయనకి చెప్పలేదు. సాయంత్రం పాట పెట్టి, తల అటూ ఇటూ వంచి, "ఇవాళ మెరుపు తగ్గిందేమిటి?" అన్నారు. చెప్పాను. తీసెయ్యమన్నారు! పది రోజులు పోట్లాడుకున్నాం. చివరికి ఆయనే మూత లోపల పెన్సిలుతో రాశారు: "సిరామిక్ పెట్టాం. మెరుపు పోయింది. పాట మిగిలింది." ఆ రాతలు చూసే ఉంటావు. గుడ్డతో తుడిచెయ్యకు.

అంకెల మధ్య అదనపు అంకెలు లెక్కకట్టి చేర్చే (దాన్నే ఓవర్‌శాంప్లింగ్ అంటారు) ఎస్‌ఏఏ 7220 చిప్పు పీకేసి, అది లేకుండా వింటే ఇంకా బాగుంటుందని నీకు ఎవరైనా చెప్పి ఉంటారు. అలా వింటే 20 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం 3 డెసిబెల్స్ పైగా తగ్గుతుంది, ఆ తగ్గుదలనే చాలామంది తియ్యదనం అంటారు. పైగా డిస్కు చదివే చిప్పుని నడిపే 11.2896 మెగాహెర్ట్జ్ క్లాక్ కూడా ఆ చిప్పు నుంచే వస్తుంది, దాన్ని పీకితే డిస్కే చదవదు. నీ ఇష్టం, నేను మాత్రం ముట్టుకోను.

డిస్కు ఆగి ఆగి పాడుతుంటే లేజర్ లెన్స్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూదిపుల్లతో మెల్లగా తుడువు. లేజర్ కరెంటు సరిచేసే చిన్న మర, ప్రీసెట్, తిప్పకు. కరెంటు పెంచితే అప్పటికి పాడుతుంది, కొన్నాళ్ళకి లేజరే పోతుంది.

సరే, చెప్పేస్తా. ఆ రోజు నువ్వు ఫోన్ చేసి "అమ్మా, లెన్స్ వెలుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నావు. నేను ఏదో పనిలో ఉండి "చూస్తే తెలుస్తుంది కదరా" అని పెట్టేశాను. అప్పటినుంచీ నువ్వు మాట్లాడలేదు. ఇప్పుడు ఈ నల్లకళ్ళజోడు. అది 780 నానోమీటర్ల లేజరు, పరారుణం. మసక ఎర్రచుక్కలా కనపడుతుంది, బలమేమీ లేదనిపిస్తుంది. కంటికి కనపడేది కొసరే, అసలుదంతా తెలియకుండా లోపలికి పోతుంది. ఎక్కువ వెలుతురు పడితే కన్ను దానంతటదే మూసుకుంటుంది, దీనికి మూసుకోదు. నేను చెప్పాల్సింది, ఫోన్ కెమెరా పక్కనుంచి పెట్టి తెరమీద చూడమని. చెప్పలేదు. నువ్వు చూడలేదు కదా? ఒక్క క్షణమైనా?

చూసి ఉంటే దాచకు, ఇవాళే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళు. చూడకపోతే ఆ కళ్ళజోడు ఎందుకో చెప్పు. ఫొటో పంపు, పద్మకి కాదు, నాకు. పగటి వెలుతురులో, జోడు తీసి.

ఉంటాను,
అమ్మ

తా.క. కవరులో 100 నానోఫారడ్ ఫిల్మ్ కండెన్సర్లు 16 పెట్టాను. 1541 చుట్టూ 14 పడతాయి. మిగతా రెండూ, ఏదైనా కింద పడిపోతే నేలమీద కళ్ళు చికిలించుకుని వెతకకుండా.