యాంప్ కొనేముందు ఒక్కసారి చదువు, తల్లీ

పద్మారావునగర్, సికింద్రాబాద్
ఆదివారం పొద్దున

చిరంజీవి బుజ్జికి,

నాన్న దీవెనలు. నిన్న రాత్రి మాదాపూర్ నుంచి ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. అమ్మ పడుకుంది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్ చేసి చెబుదామంటే మధ్యలో నీకు మీటింగ్ వస్తుంది, నాకు మాట ఎక్కడో తెగిపోతుంది. అందుకే కాగితం తీసుకున్నాను.

ముందు నీ బేస్ గిటార్ వాయింపు గురించి చెప్పనీ. నిన్ను స్టేజీ మీద చూడటం నాకు అదే మొదటిసారి. బొటనవేలు పికప్ మీద, అదే తీగల కింద శబ్దం పట్టే పట్టీ మీద ఆనించి, చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి నడిపిస్తుంటే కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. రెండో పాటలో డ్రమ్స్ అబ్బాయి లెక్క తప్పాడు, గుర్తుందా? నువ్వు కంగారు పడలేదు. కిక్ డ్రమ్ తొక్కే అతని కాలి వైపు చూస్తూ, చేస్తున్న అలంకారాలన్నీ ఆపేసి ఒక్క నోటు మీద నిలబడ్డావు. నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి అతను మళ్ళీ దారిలోకి వచ్చాడు. నా పక్క టేబుల్ వాళ్ళకు ఏమీ జరిగినట్టే తెలియలేదు. బేస్ వాయించేవాళ్ళు చేయాల్సిన పని అదే. అది నీకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. బేస్ గిటారిస్టు మోహినీ దేకి వాళ్ళ నాన్నే బేస్ నేర్పాడని చదివినప్పుడల్లా, నీకు నేను నేర్పలేదే అని మనసు చివుక్కుమంటుంది. ఎందుకు నేర్పలేదో కూడా ఈ ఉత్తరంలోనే చెబుతాను.

కిందికి దిగేటప్పుడు లిఫ్ట్ దగ్గర అన్నావు కదా, "నాకు నేనే వినపడలేదు నాన్నా, 300 వాట్ల యాంప్లిఫయర్ ఒకటి ఈఎంఐలో తీసుకుంటాను" అని. దాని గురించే ముఖ్యంగా రాయాలి.

నీకు వినపడలేదు, నిజమే. కానీ గోడ పక్కన కూర్చున్న నాకు మొదటి పాట నుంచే నీ బేస్ కావలసినదానికంటే ఎక్కువ వినపడింది. మూలలో ఉన్న టేబుల్ మీద గ్లాసులు అదిరాయి. ఎందుకో చెబుతాను. నీ మందపు తీగ, ఆ 'ఈ', సెకనుకు 41 సార్లు కదులుతుంది. ఆ శబ్దపు ఒక్క అల పొడవు 8 మీటర్లకు పైనే. అది నీ దగ్గర ఆగదు, హాలంతా పరుచుకుని గోడల దగ్గర, మూలల్లో పేరుకుంటుంది. ఏ నోటు వాయిస్తున్నామో మన చెవికి పట్టిచ్చేది ఆ లోతు కాదు, దాని పైన ఉండే మిడ్, అంటే మధ్యస్థాయి శబ్దం. ఆ మిడ్ స్పీకర్ ఎటు చూస్తే అటు సూటిగా పోతుంది. నీ క్యాబినెట్, అదే స్పీకర్ పెట్టె, నేల మీద, నీ పిక్కల వెనకాల ఉంది. అంటే నీకు కావలసిన శబ్దమంతా మోకాళ్ళకు తగిలి పోయింది. నువ్వేమో బేస్ నాబ్ పెంచుకుంటూ పోయావు. హాల్లో బురద పెరిగింది, నీకు మాత్రం వినపడలేదు.

వచ్చేసారి దాన్ని ఒక గట్టి కుర్చీ మీద పెట్టు. కుదరకపోతే ముందు భాగం కింద ఇటుక పెట్టి, నీ మొహం వైపు చూసేలా వెనక్కి వాల్చు. బేస్ నాబ్ సగానికి తగ్గించి, మిడ్ కొంచెం పెంచు. 500 నుంచి 800 హెర్ట్జ్ మధ్య ఎక్కడో నీ గొంతు దొరుకుతుంది. ఒంటరిగా వింటే ఆ సౌండ్ ముక్కుతో పాడినట్టు ఉంటుంది, భయపడకు. నలుగురూ వాయిస్తున్నప్పుడు అదే నిలబడుతుంది. కీబోర్డ్ అమ్మాయితో కూడా ఒక మాట మెల్లగా చెప్పు, నువ్వు వాయిస్తున్నప్పుడు ఆమె ఎడమచేతికి కాస్త విశ్రాంతి ఇమ్మని. మీరిద్దరూ ఒకే చోట తొక్కుకుంటున్నారు.

అవే స్పీకర్ల మీద నీ 100 వాట్లు 300 చేస్తే నికరంగా పెరిగేది 5 డెసిబెల్స్ లోపే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతలు వాట్లు కావాలి. ఆంపెగ్ కంపెనీ వాళ్ళు 1969లో 300 వాట్ల ఎస్‌వీటీ అనే బేస్ యాంప్ తెచ్చారంటే ఆ కాలపు అవసరం అది. అప్పటి పెద్ద మైదానాల్లో బేస్‌ను జనం దాకా మోయగల స్టేజీ సౌండ్ వ్యవస్థలు లేవు. ఎనిమిది స్పీకర్ల ఆ క్యాబినెట్ ఒక్కటే 60 కిలోల పైన తూగుతుంది. ఇప్పుడు నీ జాక్ డీఐ బాక్స్‌లోకి, అంటే బేస్ శబ్దాన్ని మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టెలోకి, అక్కడి నుంచి మిక్సర్‌లోకి పోతుంది. హాలుకు బేస్ ఇచ్చేది కింద ఉన్న సబ్‌వూఫర్లు. నీ యాంప్ ఉన్నది నీ కోసం, డ్రమ్మర్ కోసం. ఆ డబ్బుతో ఒక మంచి డీఐ, రెండు గట్టి కేబుళ్ళు కొను. మిగిలింది దాచుకో.

ఇంకొకటి గమనించాను. బ్రేక్‌లో నువ్వు కాఫీకి వెళ్ళినప్పుడు జాక్ బేస్‌కే ఉంది. నీది యాక్టివ్ బేస్. జాక్ గుచ్చి ఉన్నంతసేపూ లోపలి 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఆఖరి మూడు పాటల్లో నీ సౌండ్ చిరిగినట్టు గరగరలాడింది కదా, నువ్వు యాంప్ పాడైందనుకున్నావు. అది బ్యాటరీ అని నా నమ్మకం. ముందు కొత్తది వేసి చూడు. ఒకటి అదనంగా బ్యాగ్‌లో పడెయ్.

ఇక అసలు విషయానికి వస్తాను.

నేను ఆర్కెస్ట్రా ఎందుకు మానేశానని నువ్వు ఎన్నోసార్లు అడిగావు. ప్రమోషన్ వచ్చింది, నైట్ డ్యూటీలు పడ్డాయి అని చెప్పాను. అది నిజం కాదు తల్లీ. నా కుడిచెవి పోయింది.

1989లో మొదలుపెట్టాను. పగలు కరెంటు ఆఫీసులో ఉద్యోగం, రాత్రి పెళ్ళిళ్ళు. చిలకలగూడలో మా అందరి సామాను ఒక గదిలో ఉండేది. నా బేస్ బాక్స్ వడ్రంగి చేత ప్లైవుడ్‌తో చేయించుకున్నదే. కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి తిరిగి 15 అంగుళాల స్పీకర్ కొని బిగించాం. ఇద్దరు పట్టుకుంటే గానీ మెటడోర్ ఎక్కేది కాదు. నల్గొండ, సిద్దిపేట, ఎక్కడ పెళ్ళైతే అక్కడికి. ఇళయరాజా గారి పాటల్లో శశిధరన్ గారు వాయించిన బేస్ కోసం క్యాసెట్ వెనక్కి తిప్పీ తిప్పీ వినేవాణ్ణి. టేప్ రికార్డర్ బ్యాటరీలు తగ్గితే శ్రుతి కిందికి జారేది, దానికి తగ్గట్టు నా తీగలు దించుకునేవాణ్ణి. రాత్రికి 150 రూపాయలు ఇచ్చేవారు. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు తక్కువ.

బేస్ వాయించేవాళ్ళు హై-హ్యాట్ పక్కన, అదే డ్రమ్స్‌లో కాలితో తొక్కే జంట సింబల్ పక్కన నిలబడతారు, లెక్క అక్కడ స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి. నేనూ అంతే. డ్రమ్స్ నా కుడిచెవికి మూరెడు దూరంలో ఉండేవి. ప్రతి పెళ్ళి తర్వాతా చెవిలో గుయ్‌మని మోత వచ్చేది. పడుకుని లేస్తే పోయేది. పోతుంది కదా అని పట్టించుకోలేదు. 2001లో ఒక పెళ్ళి రాత్రి వచ్చిన మోత మర్నాడు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. ఇప్పుడు, ఇది రాస్తుంటే కూడా ఉంది. ఫ్యాన్ ఆపేసి, కిటికీలు మూసి, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ వినపడుతుంది. ప్రెషర్ కుక్కర్ విజిల్ వచ్చే ముందు సన్నగా ఆవిరి కూత పెడుతుందే, అది ఆగకుండా ఉంటే ఎలా ఉంటుందో అలా.

డాక్టర్ గారు ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గీత, తీయించి చూపించారు. గీత తిన్నగా వచ్చి 4,000 హెర్ట్జ్ దగ్గర బావిలోకి దిగినట్టు దిగిపోయింది. పెద్ద శబ్దాలకు దెబ్బతిన్న చెవి గుర్తు అదేనట. చెవి లోపల నత్తగుల్లలాంటి చోట ఉండే సన్నని వెంట్రుకల కణాలు ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. స, ష, చ లాంటి అక్షరాలు నాకు కుడివైపు నుంచి సరిగా అందవు. చిన్నప్పుడు భోజనాల దగ్గర కుడిపక్కన కూర్చుని పిలిస్తే పలకలేదని అలిగేదానివి. నేను వినలేదు తల్లీ, అంతే. నా ఫోన్ ఎప్పుడూ ఎడమచెవి దగ్గరే ఉంటుంది, చూడు కావాలంటే. 2003లో బేస్ అమ్మేశాను. ఇంట్లో ఉంటే తీయకుండా ఉండలేననిపించింది. నీకు నేర్పకపోవడానికి కారణం కూడా అదే. నా చేతులతో నిన్ను ఆ సింబల్ పక్కన నిలబెట్టడానికి మనసు రాలేదు. నువ్వు నన్ను అడక్కుండానే యూట్యూబ్ చూసి నేర్చుకుని, నిన్న సరిగ్గా అక్కడే నిలబడ్డావు. స్టేజీ దిగి "చెవులు గుయ్యిమంటున్నాయి నాన్నా" అని నవ్వావు. రాత్రంతా నిద్ర పట్టనిది ఆ మాటకే.

లెక్క చెబుతాను, గుర్తుంచుకో. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే. నిన్న ఫోన్‌లో మీటర్ పెట్టి చూశాను, నా టేబుల్ దగ్గరే 98, 99 చూపించింది. ఫోన్ మీటర్ అంత కచ్చితం కాదు, అయినా నువ్వు డ్రమ్స్ పక్కనే రెండు గంటలున్నావు. ఇప్పుడు 300 వాట్ల యాంప్ తెస్తే గిటార్ అబ్బాయి తనది పెంచుతాడు, డ్రమ్మర్ గట్టిగా కొడతాడు. ఈ వరస నాకు బాగా తెలుసు.

సంగీతం వాయించేవాళ్ళ కోసమే ఫిల్టర్ ఉన్న ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి. మందుల షాపు స్పాంజివి పై శబ్దాలను ఎక్కువ కోసేస్తాయి, దుప్పటి కప్పుకుని వాయించినట్టుంటుంది. ఇవి అన్నిటినీ కొంచెం కొంచెంగా, 15 నుంచి 20 డెసిబెల్స్ దాకా, సమంగా తగ్గిస్తాయి. రెండు జతలు ఆర్డర్ పెట్టాను, బుధవారానికి వస్తాయట. మొదటి రోజు నీ గొంతు నీకే బుర్రలో మోగుతుంది, విసుగొస్తుంది. రిహార్సల్స్‌లో పెట్టుకుని అలవాటు చేసుకో, గిగ్ రోజు కొత్తగా ఉండదు. బేస్ ఎటూ పాదాల నుంచి, పక్కటెముకల నుంచి కూడా తెలుస్తూనే ఉంటుంది కదా, నీకేమీ పోదు. డ్రమ్మర్‌కు కూడా చెప్పు. అతనికి నీకంటే ఎక్కువ అవసరం.

కరెంటు ఆఫీసులో ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి, ఇది చెప్పకుండా ఉండలేను. మైక్ దగ్గర కోరస్ పాడబోయి ఒకసారి వెనక్కి జరిగావు. పెదవికి చురుక్కుమందా? తీగల మీద చేయి, మైక్ మీద పెదవి ఉన్నప్పుడు ఎక్కడో ఎర్తింగ్ లేకపోతే ఆ కరెంటు నీలోంచి పోతుంది. స్టోన్ ద క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ 1972లో ఎర్తింగ్ లేని మైక్ పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. స్పీకర్లలో వచ్చే హమ్ మోత పోవడానికి త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి వైరు కనపడితే వాయించకు. హమ్ వస్తే మీ యాంపులు, మిక్సర్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీయించు, లేదా డీఐ మీద ఉన్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడు. సౌండ్ చెక్ మొదలుపెట్టే ముందు టెస్టర్ మైక్ జాలీకి తాకించి చూడు. నా పాత టెస్టర్ ప్లగ్స్‌తో పాటే తెస్తాను. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా చేసిపెడతాను, పై ఆదివారానికల్లా అయిపోతుంది.

డబ్బు సంగతి ఎక్కువ మాట్లాడను. నిన్న ఐదుగురికీ కలిపి 8,000 ఇచ్చారు, క్యాబ్‌లకే చాలా పోయింది అన్నావు. మీకందరికీ ఉద్యోగాలున్నాయి, అది మీ అదృష్టం. కానీ ఊరికే మాత్రం వాయించకండి. అది తిండి కోసం వాయించేవాళ్ళ కడుపు కొట్టినట్టు అవుతుంది. డబ్బు ఎప్పుడిస్తారో, సౌండ్ ఎవరు పెడతారో, ఎన్నింటికి ఆపాలో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి.

స్కూటీ మీద బేస్ వీపుకు వేసుకుని పోతావు, దాని తల నీ తల కంటే జానెడు పైకి ఉంటుంది. వేలాడే కేబుల్ వైర్ల కింద వంగడం మరిచిపోకు. వానాకాలంలో బ్యాగ్ మీదికి ఒక ప్లాస్టిక్ కవర్ కుట్టిస్తానని అమ్మ అంది, కొలత పంపు.

వచ్చే శనివారం మీ గిగ్‌కు వస్తాను. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి సౌండ్ చెక్ వేళకే చేరుకుంటాను. నా జత పెట్టుకుని, ఎడమచెవి స్టేజీ వైపు తిప్పి గోడ పక్కన నిలబడతాను. మొదటి పాటయ్యాక నా వైపు చూడు. మూలలో బురదగా వినపడితే అరచేయి కిందికి చూపిస్తాను. నీ వేళ్ళ చప్పుడు స్పష్టంగా అందితే తల ఊపుతాను.

అమ్మ గోంగూర పచ్చడి సీసాలో పెట్టి ఉంచింది, అదీ తెస్తాను.

మీ నాన్న