చలికి మారిన కుక్కను పిచ్చిదనకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ధనుర్మాసం వచ్చిందంటే మా నెల్లూరులో కుక్కల మీద ఫిర్యాదులు ఎక్కువవుతాయి. ‘మా సందులో కుక్కకు పిచ్చి పట్టింది, ఎవర్నీ పోనీయడం లేదు’ అని కొందరు అంటారు. ‘మేం పెంచుకునే కుక్కే ఈ మధ్య మొండికేస్తోంది, ముట్టుకుంటే గుర్రుమంటోంది’ అని ఇంకొందరు. పశువుల ఆస్పత్రిలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనదాన్ని, ఏటా ఇవే రోజుల్లో ఇవే మాటలు వినేదాన్ని. వీటిలో చాలావరకు చలికాలం తెచ్చిపెట్టే మార్పులే. అది తెలియక కొందరు కొడుతున్నారు, కొందరు తీసుకెళ్లి ఊరి బయట వదిలేస్తున్నారు.

చలి దేశాల్లో పగలు బాగా కుదించుకుపోయి జంతువులు డల్ అవుతాయంటారు. ఇక్కడ డిసెంబరు పగటికీ జూన్ పగటికీ తేడా రెండు గంటల లోపే. మనకు చలి తడితో కలిసి వస్తుంది. మా జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే పడుతుంది. వాయుగుండం పట్టి ముసురేసిందంటే కుక్కకు షికారు ఉండదు, ఒళ్లు ఆరదు, పడుకునే గచ్చు చల్లగా ఉంటుంది. తిరగని కుక్క చెప్పులు కొరుకుతుంది, రాత్రంతా మొరుగుతుంది. తడిలోకి పోవడం ఇష్టం లేక వరండాలోనే పోసేస్తుంది. పొగరనుకుని కొడితే దానికి భయం పట్టుకుంటుంది కానీ ఆ పని మానదు.

ముసలి కుక్కల బాధ ఇంకా ఎక్కువ. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కల్లో చాలావాటికి కీళ్లు అరుగుతాయి. తెల్లవారుజామున లేవడానికి అవస్థ పడతాయి, మెట్లెక్కవు, పిలిస్తే రావు. పిల్లలు వచ్చి నడుం మీద చెయ్యి వేస్తే కరవబోతాయి. నొప్పి అని అవి చెప్పుకునే తీరు అదే. గచ్చు మీద రెండు గోనెసంచులు, పైన పాత దుప్పటి మడిచి వేస్తే, ఎండ వచ్చాక కాసేపు నడిపిస్తే ఎంతో తేడా కనిపిస్తుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. మన మందులు మాత్రం వేయొద్దు. పిల్లి ప్రాణం తీయడానికి ఒక్క పారాసిటమాల్ బిళ్ల చాలు. కుక్కలకు ఐబుప్రొఫెన్ కూడా అంతే ప్రమాదం.

రాత్రీ పగలూ పొట్టి గొలుసుతో పోర్టికోలో కట్టేసి, అది అరుస్తోందని విసుక్కునేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. అదేపనిగా పొట్టి గొలుసుతో కట్టి ఉంచడం, తగిన నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం.

ఒక జాగ్రత్త చెప్పాలి. టీకా వేయించని కుక్క ఉన్నట్టుండి మారిపోయి, గొంతు మారి, దవడ వేలాడేసి చొంగ కారుస్తుంటే దాన్ని చలి అనుకోకూడదు, దగ్గరికి పోకూడదు. ఏ కుక్క కరిచినా గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి.

ఇక వీధి కుక్కల సంగతి. చిత్త కార్తె కుక్కలు కట్టే కాలమని మన పెద్దలకు బాగా తెలుసు. ఆ కార్తె అక్టోబరు నడిమిలో వస్తుంది. కుక్క చూలు సుమారు 63 రోజులు. అంటే సరిగ్గా చలి ముదిరే డిసెంబరు రెండో సగానికి సందుల్లో ఈనతాయి. పుట్టిన కొత్తలో కూనలకు వణకడం కూడా రాదు, తల్లి ఒంటి వేడే వాటికి ఆధారం. అందుకే తల్లి వాటిని వదిలి కదలదు, దగ్గరికొచ్చిన ప్రతి మనిషి మీదికీ వస్తుంది. జనం పిచ్చి పట్టిందనేది ఎక్కువగా ఈ తల్లులనే. ఆ మూడు నాలుగు వారాలు పిల్లల్ని అటు పోనీయకుండా చూసుకుని, దూరం నుంచి ఇంత అన్నం పెడితే చాలా గొడవలు తప్పుతాయి. భోగికి ముందురోజే పోగేసిన కట్టెల్లో కూనలు దూరి పడుకోవచ్చు, అంటించే ముందు కదిలించి చూడండి. వేడి కోసం పిల్లులు కారు ఇంజను పక్కన దూరతాయి, పొద్దున్నే బానెట్ మీద రెండుసార్లు తట్టి స్టార్ట్ చేయండి.

జనం జాగ్రత్తపడినంత మాత్రాన ఇది తీరేది కాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కలకు సంతాన నిరోధక ఆపరేషన్లు, రేబిస్ టీకాలు చేయించాల్సింది స్థానిక సంస్థలే. ఫిర్యాదులు ముదిరాక, జనవరిలో వలలు పట్టుకుని బయల్దేరితే ఏం లాభం? అప్పటికి ఆడకుక్కలు చూలుతోనో పాలిస్తూనో ఉంటాయి. తల్లిని ఎత్తుకుపోతే కూనలు చలికి చచ్చిపోతాయి. నెల్లూరు, ఒంగోలు నగరపాలక సంస్థలు, కావలి లాంటి మున్సిపాలిటీలు జూన్‌లోనే డివిజన్లు, వార్డుల వారీగా ఆపరేషన్లు మొదలుపెట్టి చిత్త కార్తె రాకముందే ముగించాలని, ఏ వారం ఏ వీధికి వస్తారో ముందుగా ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ తేదీలు తెలిస్తే వీధిలో కుక్కలకు అన్నం పెట్టే మాలాంటివాళ్లం వాటిని పట్టివ్వడానికి సాయపడతాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వేదాయపాళెం, నెల్లూరు