నాణేల పాఠాలు వింటున్న అమ్మాయికి

కరీంనగర్

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ప్రాచీన నాణేల మీద ఆన్‌లైన్ ఉపన్యాసాలు వింటున్నానని నీవు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఓపిగ్గా కూర్చుని వింటున్నావు కాబట్టి, ఆ పాఠాల్లో దేనిని గట్టిగా పట్టుకోవాలో, ఇన్నేళ్లు పిల్లలకు చరిత్ర చెప్పినవాడిగా నాకు తోచింది రాస్తున్నాను.

గోరంత నాణెం తెర మీద అరచేయంత కనిపిస్తుంది. మ్యూజియంలో అద్దం వెనుక నల్లబడి ఉన్న సీసపు నాణెం మీద కంటికి ఆనని ప్రాచీన బ్రాహ్మీ లిపి అక్షరాలను కూడా అక్కడ ఒక్కొక్కటిగా చదువుకోవచ్చు. అయితే తెర బరువును చూపించదు, అసలు పరిమాణాన్ని మరిపిస్తుంది. అందుకని చూపించిన ప్రతి నాణేనికీ లోహం, బరువు, వ్యాసం, దొరికిన చోటు నోటుపుస్తకంలో రాసుకో. వెండి విద్ధాంక నాణెం, అంటే లోహపు ముక్క మీద గుర్తులు గుద్ది చేసిన ప్రాచీన నాణెం, సాధారణంగా సుమారు 3.4 గ్రాములు తూగుతుంది. చేతులు మారేకొద్దీ అది అరిగి తేలికవుతుంది కాబట్టి, ఒకేచోట దొరికిన రాశిలో ఏవి పాతవో, ఏవి కొత్తవో అంచనా వేయడానికి ఆ తరుగే పండితులకు ఆధారమవుతుంది.

ఈ నాలుగింటిలో దొరికిన చోటు అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో బయటపడిన రాశినే తీసుకో. అందులోని 13 వేలకు పైగా వెండి నాణేలు పశ్చిమ భారతాన్ని ఏలిన క్షహరాత వంశపు రాజు నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేలను శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి కరిగించకుండా, ఉన్నవాటి మీదనే తన ముద్ర కొట్టించాడు. ఆ నాణేల్లో ఒకదాని ఫోటో దొరికితే తీరిగ్గా చూడు. ఒక పక్క నహపానుడి ముఖమూ అంచున గ్రీకు అక్షరాల తునకలూ ఇంకా మిగిలే ఉంటాయి. వాటి మీదుగా మూడు కమానుల కొండ, దాని కింద అలలాంటి గీత, గౌతమీపుత్రుడి పేరు చెప్పే బ్రాహ్మీ లేఖనం, మరొక పక్క ఉజ్జయిని గుర్తు (అడ్డంగా, నిలువుగా దాటుకునే గీతల కొసల్లో నాలుగు వృత్తాలున్న గుర్తు) పడి ఉంటాయి. తల్లి గౌతమీ బాలశ్రీ పేరిట ఉన్న నాసిక్ శాసనం, తన కొడుకు క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని చెబుతుంది. శాసనంలో తల్లి పొగడ్త ఉండవచ్చునేమో గాని, ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు ముద్ర పడిన ఇన్ని వేల నాణేలను కాదనడం ఎవరి తరం? అలాంటి నాణెం ఒక్కటే ఏ అంగడిలోనో కనిపించి ఉంటే వింత వస్తువుగా మిగిలిపోయేది. అన్నీ ఒక్కచోట దొరకబట్టే, ఇది రాజ్యం పూనుకుని పెద్ద ఎత్తున చేయించిన పని అని తేలింది.

మన గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల సంగతీ ఇంతే. పురాణాల రాజుల జాబితాలోనూ మహారాష్ట్రలోని నాణేఘాట్ గుహలోనూ కనిపించే శాతవాహనుల తొలి రాజు సిముకుడి పేరు, చిముక అన్న రూపంలో అక్కడి నాణేల మీద దొరికింది. గోబద, నారన, సమగోప వంటి అంతకుముందు పాలకుల నాణేలు కూడా ఆ ఊళ్లోనే దొరికాయి. శాతవాహనుల తొలి స్థానం ఏదన్న చర్చలో తెలంగాణ పేరు గట్టిగా వినబడడానికి ఆ నాణేలు దొరికిన చోటే కారణం.

ఈ పాఠాలు వింటున్నకొద్దీ నాణేలు కొనాలని మనసు లాగుతుంది. దయచేసి కొనవద్దు. దున్నేటప్పుడో తవ్వేటప్పుడో బయటపడిన రాశిని పంచుకుని అమ్ముకుంటే, ఏది దేనితో కలిసి దొరికిందో ఇక ఎన్నటికీ తెలియదు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. కొనేవాళ్లు ఉన్నంతకాలం దాన్ని తప్పించుకునేవాళ్లు ఉంటారు.

ఇక శాతవాహన రాజులైన పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణుల వెండి నాణేల పాఠం వచ్చినప్పుడు, ఒక వైపు ప్రాకృతం ఉండగా రెండో వైపు ఉన్న ద్రావిడ భాష గురించి తప్పక అడుగు. అది తమిళమని కొందరు, తెలుగుకు దగ్గరిదని కొందరు వాదిస్తారు. మీ ఉపన్యాసకులు ఎటు మొగ్గుతారో, ఏ అక్షరాలను ఆధారంగా చూపుతారో వివరంగా నాకు రాయి. సెలవులకు వచ్చినప్పుడు ఆ నోటుపుస్తకం వెంట తెచ్చుకో. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకు ఇద్దరం కలిసి వెళ్దాం.

ఇట్లు,
మీ నాన్న