మన ఓరుగల్లు ప్రోగ్రాం: శని, ఆదివారాలు

అందరికీ నమస్తే! హన్మకొండ గెస్ట్‌హౌస్‌లో రూములు ఖాయమయ్యాయి. శనివారం ఒంటిగంటకల్లా దిగండి, భోజనం అక్కడే.

నాలుగింటికి కోటకు. స్వయంభూ ఆలయం శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. గ్రూప్ ఫొటో అక్కడే. పక్కనే ఖుష్ మహల్ అనే పాత దర్బారు హాలు, ఓపిక ఉన్నవాళ్లు చూడొచ్చు.

ఆదివారం రామప్ప. పొద్దున 6కి బస్సు కదులుతుంది, ఎవరి కోసమూ ఆగదు (ఎవరికి చెప్తున్నానో వాళ్లకు తెలుసు 😄). 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గోపురం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. లోపలికి ఉరికే ముందు బయట చూరు కింద తలెత్తి చూడండి: నల్లరాతి మదనికలు (అందగత్తెల శిల్పాలు). అందులో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు! ఎవరు ముందు కనిపెడితే వాళ్లకు చాయ్ నా లెక్క. గుడి ఉన్న పాలంపేటలో తొందర పెట్టను, రెండు గంటలైనా ఉందాం.

సాయంత్రం వేయిస్తంభాల గుడి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడి కాలంది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే చోట గర్భగుళ్లు. అక్కడి నుంచి భద్రకాళి అమ్మవారి దర్శనం, చెరువు గట్టు మీద కాసేపు.

మీరు చేయాల్సింది:
👉 ఎంతమంది వస్తున్నారో గురువారం రాత్రిలోపు ఇక్కడే పెట్టండి. బస్సు సైజు దాన్ని బట్టే.
👉 పిల్లలకు టోపీలు, నీళ్ల సీసాలు.
👉 గుళ్లలో చెప్పులు బయటే. ఎండకు బండలు కాల్తాయి, సాక్సులు తెచ్చుకోండి.

చూసినవాళ్లు బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకోకండి, సంఖ్య రాయండి.